హుసేనప్ప కట్టిన బంగళా

హుసేనప్ప కప్పలు తిండి మానేశాయి.

దర్గా బావిలో పూడిక తీస్తుంటే బురదతోపాటు బొక్కెనలో పైకొచ్చిన కప్పలవి. దర్గా గురువు పీరా సాహెబు ఆ రెండింటినీ శిష్యుడు హుసేనప్ప చేతిలో పెట్టి, "బావిలో మళ్లీ నీళ్లూరేదాకా మన అతిథులు. మంచి చోటు చూడు," అన్నాడు.

హుసేనప్ప గుంతకల్లు పోయి, రంగుచేపల అంగట్లో పెద్ద గాజుపెట్టె తెచ్చాడు. సగం తడిమట్టి, సగం నీళ్లు, పైన గాలాడే జాలీ మూత. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత రంగురాళ్లు పేర్చాడు. పైన బల్బు వేలాడదీశాడు. పెట్టెను తీసుకొచ్చి అందరికీ కనబడేలా గుమ్మం పక్కన బల్ల మీద పెట్టాడు.

నవ్వకండి. నేను నా పుస్తకాల బీరువాకు గాజు తలుపులు పెట్టించింది చదువుకోవడానికి కాదు.

గురువారం గురువారం వచ్చే జనం సమాధికి మొక్కి, తిన్నగా కప్పల దగ్గరికే వచ్చేవాళ్లు. "ఎవరు కట్టినారు ఈ బంగళా?" అని అడిగితే హుసేనప్ప వినయంగా తల దించుకునేవాడు. పేరు మాత్రం చెప్పేవాడు.

కప్పలు వానపాముల్ని ముట్టలేదు. వాటి డొక్కలు లోపలికి పోయాయి. ఒకటైతే గాజుకు మూతి ఆనించి కదలకుండా కూర్చుంది.

"సామీ, చచ్చిపోయేట్టుండాయి," అన్నాడు హుసేనప్ప. "ఇంకా పెద్ద పెట్టె తెచ్చేదా?"

"రేపు గురువారం కదరా. అన్నాల వేళకు రా."

మర్నాడు అందరూ చాపల మీద వరసగా కూర్చున్నారు. పీరా సాహెబు హుసేనప్పను ఒక్కణ్ణీ నడిమధ్యన బల్ల మీద కూర్చోబెట్టాడు. ముందు పళ్లెం పెట్టి అన్నం, పప్పు, వంకాయ కూర వడ్డించాడు. కప్పల పెట్టె మీది బల్బు విప్పి తెచ్చి అతని నెత్తిమీద వేలాడదీశాడు.

"మీరు తర్వాత తిందురు," అన్నాడు జనంతో. "ముందు ఇతను తినేది చూడండి."

ఆకలిమీదున్న జనం. చాలా శ్రద్ధగా చూశారు.

"ముద్ద ఎత్తినాడు!"

"ఎత్తితే సరా, మింగల్ల గదా!"

నడుము వంగిన ఒక అవ్వ దగ్గరికొచ్చి, పళ్లెం అంచు మీద గోరుతో టకటకా కొట్టింది. "కదల్డేమిరా వీడు?"

నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. హుసేనప్ప పళ్లెం పట్టుకుని లేచాడు. వంటింటి వెనక, కట్టెల చాటున, గోడవైపు తిరిగి గొంతుక్కూర్చుని మెతుకు మిగల్చకుండా తిన్నాడు.

వేళ్లు నాకుతుంటే పక్కనే పగిలిన కుండ కనబడింది. అందులోంచి ఒక పెద్ద పెంకు ఏరుకున్నాడు.

ఆ సాయంత్రం రంగురాళ్లు తీసేశాడు. కుండపెంకును తడిమట్టి మీద బోర్లించాడు. పెట్టెకు మూడువైపులా తడిగోనె కట్టి, బల్ల మీంచి దించి నీడగా ఉన్న మూలకు చేర్చాడు. వానపాములు వేసి, వంగి చూడకుండా వచ్చేశాడు. అన్నిటికంటే కష్టమైన పని అదే. రోజూ అలాగే వేసి, అలాగే వచ్చేశాడు.

మళ్లీ గురువారం జనం మూగారు.

"కప్పలేవి హుసేనప్పా? మట్టిని చూపిస్తాండావా మాకు?"

వారంగా హుసేనప్ప కూడా వాటిని చూడలేదు. వేసిన వానపాములు వాటి కడుపులోకి పోయాయో, మట్టిలోకి దూరాయో తెలీదు. ఆగలేక మూత తీసి, పెంకు ఎత్తబోయాడు.

దాని కింద నుంచి బెకబెకమని వినబడింది. కడుపు నిండిన గొంతు. వెంటనే రెండోది అందుకుంది.

హుసేనప్ప చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మూత పెట్టేశాడు.

"ఉండి కూడా బయటికి రావేం?" అంది ఆ అవ్వే.

"పోయిన వారం సంతలో ఉండె," అన్నాడు పీరా సాహెబు. "ఈ వారం ఇంట్లో ఉండాయి."