నాలుగు వేళ్ళ ఫోటో

నాగదుర్గ ఏడుపు ఆపుకుంటూ సెల్‌ఫోను తెచ్చి తెర మాస్టారి ముందు పెట్టింది.

నాటక పోటీల్లో వాళ్ళ సమాజానికి రెండో బహుమతి వచ్చినప్పటి ఫోటో అది. అందరూ శాలువాలు కప్పుకుని నవ్వుతున్నారు. అక్క వేషం వేసిన సుభాషిణి ఉంది, దర్శకుడు షరీఫ్ గారున్నారు, ఆ రోజు మైకు సర్దడానికి వచ్చినాయన కూడా మధ్యలో దర్జాగా నిలబడ్డాడు. నాగదుర్గ మాత్రం లేదు. కుడివైపు అంచున, తెర పక్కన, తాడు పట్టుకున్న నాలుగు వేళ్ళు కనబడుతున్నాయి.

"అవి నావండి," అంది.

మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని, ఫోను దగ్గరగా తీసుకుని చూశారు.

"వేళ్ళు బాగా పడ్డాయమ్మా."

"మీకు వేళాకోళంగా ఉందండి. ఆ హాల్లో తాడు కట్టడానికి కొక్కెం లేదు. వదిలితే తెర వచ్చి వీళ్ళ నెత్తిన పడుతుంది. బహుమతులు ఇచ్చినంతసేపూ పట్టుకునే ఉన్నాను. ఒక్కళ్ళైనా వెనక్కి తిరిగి చూశారా?"

తెర మాస్టారి అసలు పేరు ముత్యాలరావు. తణుకు హైస్కూల్లో బొమ్మలు నేర్పి రిటైరయ్యారు. నలభై ఏళ్ళు ఆ ఊరి నాటకాలన్నిటికీ తెర వెనక పని ఆయనదే. మోకాళ్ళు మొరాయించాక ఆ పని డిగ్రీ రెండో ఏడు చదివే నాగదుర్గకు నేర్పారు. పిల్ల చురుకైనది, నోరే కాస్త ఎక్కువ. నల్ల చుడీదారు వేసుకుని చీకట్లో చప్పుడు కాకుండా మంచం మార్చేది, ఉరుము ఉరిమించేది, సుభాషిణికి వేదిక మీదికెళ్ళే ముందు టీ అందించేది.

ఆమె అసలు బాధ దీపం గురించి.

ఆ నాటకంలో ఇద్దరు అక్కచెల్లెళ్ళు. ఒకే ఇంట్లో ఉంటూ పన్నెండేళ్ళుగా మాట్లాడుకోరు. చివర్లో గాలివాన వచ్చి కిటికీలో దీపం ఆరిపోతుంది. ఆ చీకట్లో అక్క మొదటిసారి నోరు విప్పుతుంది. దీపం ఆరకపోతే నాటకమే లేదు. మొదట్లో రిహార్సల్లో వెనక నుంచి విసనకర్రతో విసిరితే అట్టగోడ మొత్తం ఊగి, చూసినవాళ్ళు పడీపడీ నవ్వారు. అప్పుడు నాగదుర్గ వాళ్ళ పెరట్లోంచి బొప్పాయి ఆకు కాడ కోసుకొచ్చింది. కిటికీ చట్రానికి చిన్న కన్నం పెట్టి, కాడ అందులో దూర్చి ఊదింది. దీపం వంగింది, లేచింది, మళ్ళీ వంగి ఆరింది. షరీఫ్ గారు ఆ రోజు చిన్నపిల్లాడిలా గంతేశారు.

"పోటీలో జడ్జి గారు మైకులో ఏమన్నారో తెలుసాండి? 'ఆ దీపం ఆరడం అమోఘం' అన్నారు. అని శాలువా సుభాషిణక్కకి కప్పారు!"

మాస్టారికి నవ్వొచ్చింది గానీ మీసం దువ్వుకుని సరిపెట్టుకున్నారు.

"ఆదివారం మన ఊళ్ళో వేసే ఆటతో సరండి. ఆ తర్వాత నేను రాను. తాడు ఎవరికిచ్చుకుంటారో ఇచ్చుకోండి."

ఇచ్చుకోవడానికి ఇంకెవరూ లేరు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. మాస్టారు కాసేపు మోకాలు రాసుకున్నారు.

"సరే. ఆదివారం నువ్వు జనంలో కూర్చో. వెనక పని నేను చూస్తాను. మన పని ఎక్కడెక్కడ కనబడుతోందో కాగితం మీద రాసుకురా."

"మరి దీపం ఎవరూదుతారండి? మీకు ఆయాసం కదా!"

"ఒక్క ఊపిరేగా అమ్మా."

ఆదివారం సాయంత్రం ఆరింటికి హాలు నిండింది. నాగదుర్గ మాస్టారికి పదిసార్లు జాగ్రత్తలు చెప్పి, పదకొండోసారి చెప్పబోతే ఆయన చెయ్యెత్తి బయటికి దారి చూపించారు. వెళ్ళి మూడో వరసలో కూర్చుంది. పక్కన ఒక పెద్దావిడ పొట్లంలో వేరుశెనక్కాయలు ఒలుచుకుంటోంది.

తెర లేచింది. నాగదుర్గ వెంటనే రాసింది: "ఒకటి, తెర కుదుపుతూ లేచింది. రెండు, మంచం నాలుగంగుళాలు ఎడమకి జరిగింది." తనే ఉంటే ఇలా జరిగేది కాదు. మనసు కాస్త తేలికపడింది.

అంతలో సుభాషిణి వచ్చింది. ఏడు నెలలుగా నాగదుర్గ వేదిక పక్క వింగులోంచి ఆమె కుడి చెవినీ వీపునీ తప్ప ఏమీ చూడలేదు. ఇప్పుడు మొహం చూసింది. చెల్లెలు పక్క గదిలో దగ్గితే, వినలేదన్నట్టు బియ్యం ఏరుకుంటున్న ఆ అక్క చెయ్యి ఒక్క క్షణం ఆగడం చూసింది. అది ఇన్నాళ్ళూ ఉందా అనుకుంది.

చెల్లెలు పిల్లితో మాట్లాడుతున్నట్టు అక్కని దెప్పిపొడుస్తుంటే హాలంతా నవ్వింది. నాగదుర్గ అందరికంటే గట్టిగా నవ్వింది. ఆ నవ్వులో కాగితం ఒళ్ళోంచి జారింది. పెద్దావిడ గుప్పెడు వేరుశెనక్కాయలు ఇస్తే తీసుకుని, నోట్లో వేసుకోవడం మరిచిపోయి చేతిలోనే పట్టుకుని కూర్చుంది.

గాలివాన మొదలైంది. కిటికీలో దీపం వంగింది. లేచింది. మళ్ళీ వంగి, ఆరిపోయింది.

"అయ్యో!" అంది పైకే.

చుట్టూ చీకటి. ఎవరూ ఊపిరి తీసుకోవడం లేదు.

"ఉన్నావా?" అంది అక్క గొంతు.

ఎంతకీ జవాబు లేదు. నాగదుర్గ పెద్దావిడ చెయ్యి పట్టేసుకుంది.

"ఉన్నానక్కా."

తెర పడింది. హాలు లేచి నిలబడింది. చప్పట్లకి కప్పు ఎగిరిపోతుందేమో అనిపించింది. పెద్దావిడ కొంగుతో ముక్కు తుడుచుకుని, "ఇంటికెళ్ళగానే మా చెల్లికి ఫోన్ చేస్తానమ్మా. పాడు పొలం గట్టు, ఎవరిదైతేనేం," అంది. నాగదుర్గకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఇంత సంతోషం ఆమెకి ఎప్పుడూ కలగలేదు.

వెనక్కి పరుగెత్తబోయి, కాగితం గుర్తొచ్చి మళ్ళీ వచ్చి కుర్చీ కింద వెతికి తీసుకుంది.

వింగులో మాస్టారు ట్రంకు పెట్టె మీద కూర్చుని ఉన్నారు. మొహం ఎర్రగా కందిపోయింది. ఒక చేతిలో తాడు, ఇంకో చేతిలో బొప్పాయి కాడ. రొప్పుతూనే నవ్వుతున్నారు.

"ఏదీ, చూపించు."

నాగదుర్గ ఇచ్చింది. ఆయన రెండు పంక్తులూ చదివి, కాగితం వెనక్కి తిప్పి చూశారు. అటువైపు ఖాళీ.

"తెర, మంచం. ఒప్పుకుంటాను. తర్వాతేం చేశావు?"

నాగదుర్గ పిడికిట్లో వేరుశెనక్కాయలు చెమటకి తడిసిపోయి ఉన్నాయి.

"దీపం సంగతి రాయలేదే. ఎవరార్పారు?"

ఆమె బొప్పాయి కాడ వైపు చూసింది. కన్నం పెట్టిన చట్రం వైపు చూసింది. రిహార్సల్స్‌లో ఆ దీపాన్ని తను ఎన్నిసార్లు ఊదిందో లెక్కే లేదు.

"గాలండి," అంది.

మాస్టారు ఆమె మొహంలోకి చూసి, పెద్దగా నవ్వి, దగ్గారు.

వేదిక మీద అందరూ ఫోటోకి వరసగా నిలబడ్డారు. "తెర లేపండీ!" అని షరీఫ్ గారు కేకేశారు.

మాస్టారు లేవబోయేలోగా నాగదుర్గ వేరుశెనక్కాయలు ఆయన దోసిట్లో పోసి, తాడు లాక్కుంది.