పది వరహాల చెవిపోటు

ఒకానొక రాజ్యంలో పేరుకంటే బిరుదులు పొడుగైన రాజొకాయన ఉండేవాడు. గండరగండ వీరభూపతి అని భట్టు మొదలుపెడితే, అవన్నీ పూర్తయ్యేలోపు ఎసట్లో బియ్యం అన్నమైపోయేది. ఏ వస్తువైనా ఖరీదెక్కువైతేనే గొప్పదని ఆయన నమ్మకం. ఒకసారి తన పద్యాలు తానే చదువుతుంటే సభలో సగంమంది మెల్లగా జారుకున్నారు. అప్పటినుంచి కోటలో ఏ సభ జరిగినా, మంగళం అయ్యేదాకా రాజుతో సహా ఎవరూ లేవకూడదని శాసనం చేశాడు.

ఆ ఏడు వేసవిలో, ఊరూరా తిరిగే కొమ్ముబూరల మేళం ఒకటి రాజధానికి వచ్చింది. మేళం పెద్ద ఖాసిం సాహెబు. మనిషెత్తు ఇత్తడి కొమ్ములు, మెలికలు తిరిగిన బూరలు, అన్నీ కలిపి రెండు బండ్ల నిండా ఉన్నాయి. దారిలో పెద్దకొమ్ము పగిలితే, ఇక్కడి కంచరివీధిలో అవధాచారి అనే ముసలాయన దాన్ని అతికి ఇచ్చాడు. కూలి పుచ్చుకోలేదు. దాని గొంతు ఒక్కసారి వింటే చాలు, అదే తన కూలి అన్నాడు.

సాహెబు సంతోషంగా ఒప్పుకున్నాడు. కానీ కచేరీ కోటలోని రాతిమండపంలో. లోపలికి వెళ్ళే చీటీల వెల కట్టేది రాజుగారు. పొరుగురాజు అర్ధవరహా పెట్టాడని విని, ఈయన తగ్గుతాడా, వరహా అన్నాడు. వరహా అంటే కంచరివీధిలో ఒక సంసారానికి రెండు నెలల గ్రాసం.

ఆస్థానంలో చమత్కారి అని పేరున్న కోటాచారి ఈ అవధాచారికి స్వయానా అల్లుడు.

"పోనీండి అల్లుడుగారూ, గోడవతల నిలబడి వింటాను" అన్నాడు ముసలాయన.

ఆ గోడల్లోంచి చీమ కూడా దూరదని ఇద్దరికీ తెలుసు. మేళం మర్నాడే వెళ్ళిపోతుంది. మళ్ళీ ఎన్నేళ్ళకు వస్తుందో, అప్పటికి ఈ ప్రాణం ఉంటుందో ఉండదో. కోటాచారికి గుండె చివుక్కుమంది. ఆ దిగులు మొహంలో కనపడనివ్వకుండా తిన్నగా సభకు వెళ్ళాడు.

వెల తగ్గించమని అడుగుతాడనుకున్నారు అందరూ. అతను అడిగింది వేరు. వరహాకి ఎవడైనా కొనేస్తాడని, ప్రభువుల స్థాయికి పది వరహాలైనా ఉండాలని అన్నాడు. రాజుగారు ఉబ్బితబ్బిబ్బయ్యాడు.

"నీకున్న బుద్ధి నా మంత్రికి లేకపోయింది. పది వరహాలు పెట్టలేనివాడు నా మండపంలో కూర్చుంటే నీకు గుండు గీయిస్తాను" అన్నాడు.

"తమరే నోరారా పిలిచి కూర్చోబెడితేనో మహాప్రభూ?"

"నేనా? అదే జరిగితే నువ్వేం అడిగితే అది ఇస్తాను."

ఈ కబురు అతనికంటే ముందే ఇల్లు చేరింది. భార్య నీలమ్మ కంచం ఠంగుమని ముందు పెట్టి, మా నాన్న నోట్లో మట్టికొట్టి వచ్చారా అని అడిగింది. పప్పులో ఉప్పు లేదు. కోటాచారి కిక్కురుమనకుండా తిని, రేపు సాయంత్రం వీధి వీధంతా బొంతలూ దుప్పట్లూ కప్పుకుని కోటగుమ్మం దగ్గర ఉండాలని చెప్పాడు.

"ఈ ఎండల్లోనా?"

"ఈ ఎండల్లోనే."

మర్నాడు సాయంత్రం మండపం వెలవెలబోయింది. ఒక జాగీర్దారుకి కడుపునొప్పి, ఇంకొకాయన ఆవు ఈనింది. వచ్చిందల్లా రాజుగారు, ఆయన పక్కన నిలబడ్డ కోటాచారి, కొనకపోతే కొలువు పోతుందని పది వరహాలు చెల్లించుకున్న మంత్రి.

సాహెబు సైగ చేశాడు. కొమ్ములన్నీ ఒక్కసారి లేచాయి. ఖాళీ మండపంలో ఆ మోత ఈ గోడకు కొట్టుకుని ఆ గోడమీదికి, అక్కడినుంచి నేరుగా రాజుగారి చెవుల్లోకి వచ్చిపడింది. కిరీటం గజగజ వణికింది. మంత్రి తలపాగా చెవులమీదికి లాక్కున్నాడు. రాజుగారు లేవబోయి, తన శాసనం తనకే గుర్తొచ్చి కూలబడ్డాడు. ఆపమందామంటే, ఈ రాజుకి మేళం వినడం చేతకాలేదని సాహెబు పొరుగురాజ్యంలో చెబుతాడు. మింగలేక కక్కలేక అలాగే బిగుసుకుపోయాడు.

ఒక వరస ముగిసి రెండోది మొదలయ్యే సందులో రాజుగారు కోటాచారి చెయ్యి పట్టుకున్నాడు.

"ఇంకెన్ని ఉన్నాయిరా?"

"తమ బిరుదుకొక వరస కట్టారట మహాప్రభూ."

రాజుగారి మొహాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. ఏదైనా ఉపాయం చెప్పమని బతిమాలాడు. ఇది వెయ్యిమంది కోసం కట్టిన మండపమనీ, ఖాళీగా ఉంటే రాళ్ళు మోతను తిప్పికొడతాయనీ, నూలుబట్ట నింపితే మెత్తబడుతుందనీ కోటాచారి చెప్పాడు. ఆ నూలు తెప్పించరా అన్నాడు రాజు. కోటాచారి చప్పట్లు కొట్టాడు. తలుపులు తెరుచుకున్నాయి.

గుమ్మంలో బొంతలు కప్పుకుని, చెమటలు కక్కుతూ కంచరివీధి మొత్తం నిలబడి ఉంది. రాజుగారి మొహం చూసి ఒక్కరూ గడప దాటలేదు. అంతలో సాహెబు మళ్ళీ కొమ్మెత్తాడు.

"నిలబడతారేం? రండి, వచ్చి కూర్చోండి, గోడల పొడుగునా కూర్చోండి" అని కేకేశాడు రాజు.

మండపం నిండింది. ఈసారి పెద్దకొమ్ము పలికితే ఆ నాదం తేనెలా జారింది. అవధాచారి కళ్ళు మూసుకుని విన్నాడు. కన్నీళ్ళు గడ్డంమీదుగా కారుతున్నా తుడుచుకోలేదు. అంతసేపటికి రాజుగారు కూడా తల ఊపడం మొదలుపెట్టాడు.

మంగళం అయ్యాక ఆయనకు రాజరికం తిరిగొచ్చింది.

"వీళ్ళ చీటీల సొమ్మేదిరా?"

"పాట వింటేనే కదా మహాప్రభూ చీటీ? పది వరహాలకి తమకు దొరికింది చెవిపోటు. పాట వీళ్ళ వెంట వచ్చింది. లెక్కకి తమరే వీళ్ళకు బాకీ."

రాజుగారు మంత్రి వంక చూశాడు. మంత్రి ఇంకా చెవులు రుద్దుకుంటున్నాడు. అది చూసేసరికి రాజుకి నవ్వు ఆగలేదు. నాచేతే పిలిపించావు కదరా, ఏం కావాలో అడుగు అన్నాడు.

"పది వరహాల వెల అలాగే ఉంచండి మహాప్రభూ, ఒంటరిగా వినాలనుకునేవాడికి. నలుగురితో కలిసి వినేవాడికి గుప్పెడు జొన్నలు చాలు."

రాజుగారు పగలబడి నవ్వి, భుజాన ఉన్న పట్టుశాలువా తీసి అతనికి కప్పాడు. ఆ తర్వాత ఆ కోటకు ఎన్నో మేళాలు వచ్చాయి. పది వరహాల చీటీ మాత్రం ఎవరూ కొనలేదు, రాజుగారితో సహా.