బాలింతమ్మ గుట్ట మీద వేన్నీళ్ళ అభిషేకం

పూర్వం ఎర్రకోన సీమను పినకాచ భూపతి అనే ప్రభువు ధర్మబద్ధంగా పరిపాలించే కాలంలో, ఆ కోనకు ఉత్తరాన ఉన్న పులిగుట్ట శిఖరాన జగన్మాత స్వయంభువై, చతుర్భుజాలతో, వ్యాఘ్రవాహనంతో వెలసి, నమ్మినవారికి కొంగుబంగారమై ఉండేది. భూపతి భక్తికి లోటు లేదు. లోటేమైనా ఉంటే అది ఆలోచనకే. ప్రతి ప్రాతఃకాలాన కొండవాగు నుంచి నూటెనిమిది కుండల చన్నీళ్ళు తెప్పించి అమ్మవారికి అభిషేకం చేయించేవాడు. అది కాగానే కొబ్బరినీళ్ళు, ఆ మీదట గడ్డపెరుగు. మాఘమాసపు చలిలో తాను మాత్రం రెండు శాలువలు కప్పుకొని, కుంపటి పక్కన పీట వేయించుకొని, "ఇంకొక కుండ! ఇంకొక కుండ!" అంటూ పరవశించిపోయేవాడు. అర్చకుడు కూచనభట్టుకు పళ్ళు టకటకలాడి మంత్రాలు ముక్కలుముక్కలుగా రాలిపడుతుండేవి. పాపం ఆయన నోరు విప్పి చెప్పగలిగినవాడు కాదు.

ఆ గుట్ట దిగువన ఈరమ్మ అనే మంత్రసాని ఉండేది. ఆమె చేతి చలువ వల్ల ఆ సీమలో రెండు తరాల పిల్లలు క్షేమంగా భూమి మీద పడ్డారు. ముసలితనంలో కళ్ళకు పొరలు కమ్మి మనిషి మసకగా ఆనేది గాని, చేతులకు మాత్రం చూపు తగ్గలేదు. తడిమి చూసిందంటే నొప్పి ఎక్కడుందో కనిపెట్టేది. నోరు మాత్రం, తల్లీ, ఏం చెప్పమంటారు! బాలింత అన్నాక ఇరవైయొక్క రోజులు ఆమె చెప్పిన పథ్యం చెయ్యాలి, ఆమె పోసిన వేన్నీళ్ళు పోయించుకోవాలి, గడప దాటకూడదు, పెరుగు మాటెత్తకూడదు, గాలికి చెవి ఒగ్గకూడదు. ఎదురు చెబితే ఇల్లు ఎగిరిపోయేలా తిట్టేది. తిట్టు వేడి భరించలేక ఇద్దరు కోడళ్ళు పదిహేనో రోజున పుట్టింటికి పారిపోయారు కూడాను.

ఇంతలో భూపతి భార్య కొమ్మాంబ కొడుకును కన్నది. ఈరమ్మే పురుడు పోసి, పథ్యం మొదలుపెట్టింది. తొమ్మిదో నాడు భూపతి, పుత్రోత్సవం చూడవచ్చిన సామంతులకు వారసుణ్ణి చూపించాలన్న ఉబలాటంతో, ఈరమ్మ వద్దంటున్నా వినక, భార్యకు చన్నీటి పన్నీరుతో స్నానం చేయించి, పట్టుచీర కట్టించి, కొలువులో పొద్దుగూకేదాకా కూర్చోబెట్టాడు. మర్నాటికి ఆమెకు చలిజ్వరం పట్టుకుంది. జ్వరమైతే వారానికి దిగింది గాని, నడుము మాత్రం నిలబడనివ్వలేదు. ఆ తప్పు ఎవరిదో ఎవరికి తెలియదు? అయినా ప్రభువుల తప్పులు ప్రభువుల దగ్గర ఆగవు కదా! "బాలింతను నువ్వు మధ్యలో లేవనివ్వడం వల్లనే ఇంత జరిగింది. ఇకమీదట ఇరవైయొక్క రోజులు నిండకుండా ఒక్క బాలింత నీ చేతిలోంచి లేచిపోయినా, నీ బొడ్డు కోసే కొడవలి దివాణంలో అప్పగించి ఊరు విడిచిపో" అని ఈరమ్మకు ఆజ్ఞ అయింది. అత్త చేతి నుంచి వచ్చిన కొడవలి అది. దాన్ని చూరులో దోపుకుని ఈరమ్మ ఆ రోజంతా ఎవరినీ తిట్టలేదు. ఇరుగుపొరుగులకు అదే భయమేసింది.

ఇక్కడ మీకొక సందేహం రావచ్చు: జగన్మాతకు పురుడేమిటని. లోకంలో ఇన్ని పురుళ్ళు చల్లగా చూసే తల్లికి ఆ నొప్పి ఎట్లా ఉంటుందో తానూ ఒకసారి తెలుసుకోవాలనిపించిందట. ఆమె లీల ఆమెది, అడగడానికి మనమెవరం? ఆ మాఘంలోనే, ఎవరికీ తెలియకుండా, గర్భాలయంలోనే ఆమెకు కాన్పయింది. తెల్లవారేసరికి ఎప్పటిలాగే నూటెనిమిది కుండలూ వచ్చాయి. అరవై కుండల దాకా తల్లి ఓర్చుకున్నది. అరవైయొకటో కుండ నడుము మీద పడగానే, "ఇక నావల్ల కాదు" అనుకొని, బిడ్డను కొంగులో చుట్టుకొని, ఎవరి కంటా పడకుండా గుడి వెనకదారిన గుట్ట దిగిపోయింది. లోపల శిల మాత్రం మిగిలింది. అఖండదీపం ఆరిపోయింది, ఎన్నిసార్లు వెలిగించినా నిలవలేదు.

మామూలు ఆడమనిషి రూపంతో అమ్మవారు దారిలో నడుస్తుంటే, ఎదురైన ప్రతివారూ ఆగి, "ఆడబిడ్డా, మగబిడ్డా?" అని అడిగారు, "తల్లి పోలికా, తండ్రి పోలికా?" అని అడిగారు. వంగి నడుస్తున్న మనిషిని ఎందుకు వంగి నడుస్తున్నావని అడిగినవారు ఒక్కరూ లేరు. ఆమె ఈరమ్మ గుడిసె ముందుకు వచ్చి తూలిపడబోతే, ఈరమ్మ జబ్బ పట్టుకొని ఆపి, బిడ్డ వైపు చూడనైనా చూడకుండా, "నీకు ఎక్కడ నొప్పిగా ఉందే?" అన్నది. ముల్లోకాలనూ కన్న తల్లి ఆ మాటకు పసిపిల్లలా భోరున ఏడ్చింది.

"ఏడుపు తరవాత. ముందు లోపలికి నడు. ఇరవైయొక్క రోజులు కదిలావంటే కాళ్ళు విరగ్గొడతాను" అన్నది ఈరమ్మ. అంటూనే చూరులో కొడవలి తడిమి చూసుకుంది. ఈ బాలింత కూడా మధ్యలో లేచిపోతే కొడవలీ పోతుంది, ఊరూ పోతుంది.

ఆ రోజు నుంచి జరిగిన సేవ కైలాసంలోనైనా జరిగి ఉండదు. వేపాకు, పసుపు వేసి మరిగించి, గోరువెచ్చగా ఆరనిచ్చిన నీళ్ళను వెడల్పాటి గంగాళంలో పోసి, పచ్చిపుండుగా ఉన్న ఒళ్ళు సేదదీరేదాకా అందులో కూర్చోబెట్టింది. పెనం మీద కాచిన ఉప్పును గుడ్డలో మూటగట్టి నడుముకు కాపడం పెట్టింది. వావిలాకు వేసి మసలకాచిన నీళ్ళు ముంతలతో వీపున కొట్టి పోస్తుంటే అమ్మవారు "అమ్మో!" అన్నది, ఆ అరుపుకు గుట్ట మీది బండరాళ్ళు రెండు దొర్లి కింద పడ్డాయి. "మేకల వెధవలు, రాళ్ళు దొర్లిస్తున్నారు" అని విసుక్కుని ఈరమ్మ ఇంకో ముంత పోసింది. చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ చుట్టి, నడికట్టు బిగించి, నులకమంచం కింద కుంపటి పెట్టి సాంబ్రాణి పొగ వేసింది. శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు, వాము పాతబెల్లంతో దంచి చేసిన నల్లటి కాయం ఉండను నోట్లో పెట్టి, మింగేదాకా గడ్డం వదిలిపెట్టలేదు. హాలాహలం మింగిన భర్తను ఆ క్షణంలో తలుచుకొని, ఆయన పడ్డ కష్టం ఏపాటిదని అమ్మవారు అనుకొని ఉంటుంది.

నువ్వులనూనె మర్దన దగ్గర ఈరమ్మకు ఒక చిక్కు వచ్చిపడింది. పొగలో, పొరల కళ్ళతో, కుడిచెయ్యి అయింది, ఎడమచెయ్యి అయింది అనుకొని నూనెగిన్నె పక్కన పెట్టేసరికి ఇంకొక చెయ్యి వచ్చి ఒళ్ళో పడేది. అది అయ్యాక ఇంకొకటి. "ఖర్మ! చేసిందే చేస్తున్నాను, మతి పోతోంది" అని తనను తాను తిట్టుకుంటూ ఈరమ్మ రోజూ నాలుగు చేతులూ మర్దించేది. అమ్మవారు కిక్కురుమనేది కాదు. పోగొట్టుకోదగిన సుఖమా అది! వాకిట్లో ఒక పెద్ద జంతువు రోజూ పడుకొని లోపలికి తొంగిచూస్తుండేది. పురిటింటి గడపలో ఊరకుక్కలేమిటని ఈరమ్మ చెంబుడు నీళ్ళు దాని చెవిలో పోసి అదిలించేది. పులి అవమానంతో అటు తిరిగి పడుకునేది.

ఏడోనాడు ఒక ఘోరం జరిగింది. నిత్యం గడ్డపెరుగు అలవాటైన నాలుక కాబట్టి, అమ్మవారు వెల్లుల్లికారపు అన్నం తినలేక, ఈరమ్మ నీళ్ళకు వెళ్ళిన సమయం చూసి పొరుగింటి ఉట్టి మీది పెరుగు గుడిసెలో నుంచే చెయ్యి చాచి అందుకొని తాగేసింది. ఈరమ్మ వచ్చి మూతి తడిమింది, వేలు నాకి చూసింది. ఇక చూడండి! "దొంగముఖమా! ఇంత వయసొచ్చింది, తిండికి సిగ్గు లేదూ? చలవ చేసి పాలు గడ్డకడితే ఎవరికే నొప్పి, నీకా నాకా? మీ అమ్మ నిన్నిట్లాగేనా పెంచింది?" అని ఆనాడు ఆదిశక్తికి జరిగిన సన్మానం అంతాయింతా కాదు. తిట్టి తిట్టి, చివరకు కొంగుతో మూతి తుడిచి, "ఇంకో పద్నాలుగు రోజులు ఓర్చుకోవే నా తల్లీ. నా కోసమైనా ఓర్చుకో" అన్నది గొంతు దిగి. చూరులోని కొడవలి సంగతి కూడా చెప్పింది. అమ్మవారు ఆ పూట వెల్లుల్లికారం రెండు ముద్దలు ఎక్కువే తిన్నది.

అక్కడ గుట్ట మీద దీపం నిలవక భూపతి తల్లడిల్లిపోతున్నాడు. అమ్మవారికి కోపం వచ్చిందనీ, కారణం అభిషేకం చాలకపోవడమేననీ నిశ్చయించుకొని, రెండువందల పదహారు కుండలు పోయిస్తానని మొక్కుకున్నాడు. ఇరవయ్యోనాటి ఉదయం ఒక సోదెమ్మ పలికి, "తల్లి పొగలో ఉంది, సెగలో ఉంది, గుట్ట కింద శొంఠివాసనలో ఉంది" అని చెప్పింది. శొంఠివాసన అంటే ఆ సీమలో ఒకటే ఇల్లు. భూపతి మేళతాళాలతో, పల్లకితో, పరివారంతో గుడిసె ముందుకు వచ్చాడు. వాకిట్లో చెవి తడిసి, ముఖం వేలాడేసుకుని పడుకున్న పులిని చూడగానే కూచనభట్టు సాష్టాంగపడి, "అమ్మవారి వాహనం! తల్లి లోపలే ఉంది!" అని అరిచాడు.

ఈరమ్మకు నాలుగు చేతుల మర్దన గుర్తుకొచ్చింది, దొర్లిన బండలు గుర్తుకొచ్చాయి, అన్నిటికన్నా తన నోరు గుర్తుకొచ్చింది. ఎవరిని దొంగముఖమన్నాను! ఎవరి తల్లి పెంపకాన్ని ఎత్తిచూపాను! గడపలోనే చతికిలబడింది. భూపతి చేతులు జోడించి, "తల్లీ, రా! నీకోసం రెండువందల పదహారు కుండల వాగునీళ్ళు చల్లచల్లగా సిద్ధంగా ఉన్నాయి" అని గట్టిగా విన్నవించుకున్నాడు.

ఆ మాట చెవిన పడగానే ఈరమ్మ ఠక్కున లేచింది. ద్వారానికి రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"కుదరదు దొరా. ఇవాళ్టికి ఇరవయ్యే."

"దేవతకు పథ్యమేమిటే ముసలీ!" అన్నాడు భూపతి.

"దేవతైతే నాకేం? నడుము నొప్పన్నాక బాలింతే. రేపు పొద్దున వావిలాకు నీళ్ళు పోసి నేనే పంపిస్తాను. ఒక రోజు తక్కువైతే నా కొడవలే కదా నీకు కావాలి? ఇదిగో, ఇప్పుడే పట్టుకుపో, రేపే ఊరొదిలి పోతాను. పచ్చి ఒంటి మీద చన్నీళ్ళు మాత్రం పొయ్యనివ్వను!" అని చూరులోని కొడవలి లాగి భూపతి కాళ్ళ ముందు పడేసింది. పడేశాక చేతులు ఖాళీ అయి, కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది.

అప్పుడు లోపలి నుంచి అమ్మవారు బిడ్డను ఎత్తుకొని గడపలోకి వచ్చింది. మెడలో హారాలు లేవు, కిరీటం లేదు. తలకు గుడ్డ, నడుముకు కట్టు, ఒళ్ళంతా పసుపు. అయినా ఆ ముఖతేజస్సుకు మేళం తనంతట తానే ఆగిపోయింది. "ఏమంటున్నాడే? చెవుల్లో దూది, సరిగ్గా వినబడలేదు" అని ఈరమ్మను అడిగింది. ఈరమ్మ వెక్కుతూ కుండల సంగతి చెప్పింది. అమ్మవారు వంగి కొడవలి తీసుకొని, భూపతి వైపు తిరిగింది.

"పినకాచా, ఇరవై రోజులుగా నాకోసం వెతుకుతున్నావు. నీ ఇంట్లో బాలింతకు ఒళ్ళెట్లా ఉందో ఒక్కనాడైనా అడిగావా?"

"బిడ్డ కులాసాగా ఉన్నాడు తల్లీ" అన్నాడు భూపతి.

"నేనడిగింది బిడ్డను కాదు."

కొలువులో పొద్దుగూకేదాకా తన ఇల్లాలు ఒక పక్కకు ఒరిగి ఎందుకు కూర్చుందో భూపతికి అప్పుడు తట్టింది. అందరి ముందూ శాలువలు తీసేసి, తలవంచుకొని నడిచి వెళ్ళి, అంతఃపురంలో భార్య మంచం పక్కన కింద కూర్చొని, "నీకు ఎక్కడ నొప్పిగా ఉంది?" అని అడిగాడు. కొమ్మాంబ చెప్పడం మొదలుపెట్టాక సాయంత్రం దాకా ఆపలేదట.

మర్నాడు ఇరవైయొకటో స్నానానికి కట్టెలు మోసింది భూపతే, పొయ్యి ఊదింది భూపతే. పొగకు కళ్ళనీళ్ళు కార్చుకుంటూ ఊదాడు. తన ఒంటి మీద ఆ నీళ్ళు పడ్డాక అమ్మవారు గుట్టెక్కి శిలలో కలిసిపోయింది. ఆమె లేచిన నులకమంచం మీదికే పల్లకిలో కొమ్మాంబను తెచ్చి పడుకోబెట్టారు. ఆమెకు పథ్యం మళ్ళీ ఒకటో రోజు నుంచి మొదలైంది, తిట్లతో సహా.

నాటి నుంచి పులిగుట్ట బాలింతమ్మ గుట్ట అయింది. నేటికీ అక్కడి శిల నిలబడి ఉండదు, కాళ్ళు చాపుకొని కూర్చొని ఉంటుంది; తలకు గుడ్డ చుట్టినట్టు రాతిలోనే మడతలు కనిపిస్తాయి. పక్కన పొత్తిళ్ళలో బిడ్డలాంటి చిన్న గుండురాయి ఉంటుంది గాని, ముందు తల్లికి మొక్కకుండా దానివైపు చూడనివ్వరు. వాకిట్లో రాతిపులి వీపు అమ్మవారివైపు పెట్టి కూర్చుంటుంది. ఎంత ఎండలోనైనా దాని ఎడమచెవి తడిగా ఉంటుందని అక్కడివారు చూపిస్తారు. మాఘంలో ఇరవైయొక్క రోజులు అభిషేకానికి వావిలాకు వేన్నీళ్ళే, నైవేద్యానికి కాయమూ వెల్లుల్లికారపు అన్నమే; ఏడోనాడు మాత్రం తెర వేసి చిన్న గిన్నెడు పెరుగు లోపల పెట్టి, అర్చకుడు తల తిప్పుకుంటాడు. మొదటి పొయ్యి ఊదవలసింది ఊరి పెద్ద.

అమ్మవారి నాలుగో చేతిలో ఈరమ్మ కొడవలి ఉంది. ఏ దివాణమూ దాన్ని మళ్ళీ అడగలేదు. గర్భాలయపు గడపలో ఈరమ్మ ఇంటి ఆడపడుచు ఒకతె పొయ్యి ముందు కూర్చొని ఉంటుంది. ఏ గుడిలోనైనా గోత్రమడుగుతారు, పేరడుగుతారు; ఇక్కడ బిడ్డనెత్తుకొని గుట్టెక్కి వచ్చిన ప్రతి ఆడమనిషినీ ఆమె ఒకటే అడుగుతుంది: "నీకు ఎక్కడ నొప్పిగా ఉందమ్మా?" కొందరు సిగ్గుపడి నవ్వేస్తారు, చాలామంది ఏడుస్తారు. ఆమె ఎవరినీ తొందరపెట్టదు. వాళ్ళు చెప్పేలోగా నీళ్ళు చల్లారిపోతే, మళ్ళీ వెచ్చబెడుతుంది.