పోచ కొస పట్టినవాళ్ళు

అనగనగా ఒక కథ. ఊ కొడితేనే కదులుతుంది, కాబట్టి ఊ కొట్టండి మరి.

ఒక వాగు. ఆ వాగు మీదికి వంగిన తుమ్మచెట్లు. ఆ చెట్ల మీద గిజిగాళ్ళ విద్యాలయం. మనుషుల పిల్లలకి కాలేజీలున్నట్టే గిజిగాళ్ళకీ గూడు అల్లే చదువుంటుంది కదండీ, అది అక్కడ చెప్తారన్నమాట.

చదువు సగంలో ఉండగా ఆ బడికి ఒక కొత్త గిజిగాడు వచ్చాడు. పేరు హరిద్రుడు. పాపం, వాళ్ళ తాటితోపు కొట్టేశారు. అక్కడి బడి అక్కడే ఆగిపోయింది.

ముసలి గురువుగారు చేర్చుకున్నారు. "ఉండు నాయనా. కానీ తొలకరి పడేలోగా నీ గూడు కొమ్మకి నిలబడాలి. లేదంటే ఇక్కడ చోటుండదు" అన్నారు.

తోటిపిల్లలంతా గుడ్డు పగిలిన్నాటి నుంచీ కలిసి పెరిగినవాళ్ళు. వాళ్ళ నవ్వులు వాళ్ళవి, వాళ్ళ వేళాకోళాలు వాళ్ళవి. హరిద్రుడికి పరీక్షకన్నా అదే పెద్ద బెంగ.

ఏదైనా పెడితే దగ్గరవుతారు కదా అనుకున్నాడు. ఏరి ఏరి పచ్చపురుగులు తెచ్చి పంచాడు. అందరూ తిన్నారు. "భలే ఉన్నాయబ్బాయ్" అన్నారు. ఎవరి కొమ్మకి వాళ్ళు ఎగిరిపోయారు.

సరే అని గూడు మొదలుపెట్టాడు. తాటితోపులో ఒక నియమం ఉండేది. ఎవడి గూడు వాడే అల్లుకోవాలి, ఇంకొకరి ముక్కు తగిలిందా, పరువు పోయినట్టే. హరిద్రుడు దాన్నే పట్టుకున్నాడు. గడ్డిపోచ కొమ్మకి చుట్టాడు, లాగాడు, ముడేశాడు. గాలి వీచింది. ఊడిపోయింది.

రెండోసారి ఇంకా పొడుగు పోచ తెచ్చాడు. పక్కకొమ్మ మీద రెల్లన్న అని ఒక పెద్ద గిజిగాడు.

"ఏమయ్యా తాటితోపు దొరగారూ, ఎలా ఉంది పని?" అని పలకరించాడు.

"బ్రహ్మాండంగా ఉందన్నా!" అన్నాడు హరిద్రుడు. అనేలోపే ముడి జారింది. చెట్టంతా కిచకిచ నవ్వింది.

మూడోసారి సగం గూడు అల్లాడు. ఇంతలో మబ్బు కమ్మింది. ఒక్క ఈదురుగాలి! గూడు వాగులో పడి కొట్టుకుపోయింది.

హరిద్రుడు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. రేపోమాపో వాన. ఈ చోటు కూడా పోతే ఇంకెక్కడికని వెళ్తాడు? "ఈ పరువు నన్ను వానలో తడవకుండా కాస్తుందా?" అనుకున్నాడు. ఒక పోచ పట్టుకుని రెల్లన్న దగ్గరికి వెళ్ళాడు.

"అన్నా, నాకు చేతకావట్లేదు. ఈ కొస కాస్త పట్టుకుంటావా?"

"హమ్మయ్య, అడిగావా! ఒరేయ్ రండ్రా, అడిగాడ్రా!" అని రెల్లన్న అరిచాడు. పిట్టలన్నీ జుయ్యిమని వచ్చి వాలాయి.

హరిద్రుడు తెల్లబోయాడు. "మరి ఇన్నాళ్ళూ చూస్తూ ఊరుకున్నారేంటన్నా?"

"ఏం చెయ్యమంటావ్? అడక్కుండా ఒకరి పోచ ముట్టుకోవడం మా దగ్గర తప్పు. నువ్వేమో బ్రహ్మాండం అంటావ్! మీ తోపులో తాటాకు వెడల్పు కాబట్టి ఒక్క ముక్కు సరిపోతుంది. తుమ్మకొమ్మ సన్నం కదా, మొదటి ముడికి రెండు ముక్కులు కావాలి. ఇక్కడ అందరి గూళ్ళూ అలా మొదలైనవే. గురువుగారిదీ అంతే."

ఒకడు కొస పట్టాడు. ఒకడు కొమ్మ ఊగకుండా బరువేసి కూర్చున్నాడు. ఒకడు పోచలందించాడు. హరిద్రుడు ముడి బిగించాడు.

"దొరగారూ, నా ముక్కు కూడా కలిపి కట్టేశారండీ!" అని రెల్లన్న మొత్తుకున్నాడు. చెట్టంతా నవ్వింది. ఈసారి అందరికన్నా గట్టిగా నవ్వింది హరిద్రుడే.

గూడు పూర్తయిన సాయంత్రమే తొలకరి దంచికొట్టింది. గూడు ఊగింది, ఊగింది, నిలబడింది. గురువుగారు కిందనుంచి చూసి తల పంకించారు.

లోపల వెచ్చగా కూర్చున్న హరిద్రుడికి కళ్ళల్లో నీళ్ళాగలేదు. తల బయటికి పెట్టి, "అన్నా, మీ అందరి మేలూ ఈ జన్మకి మరిచిపోను!" అని వానలోనే కేకేశాడు.

"చాల్లేవోయ్! రేపు మా పైకప్పు అల్లాలి, వచ్చి కొస పట్టు!" అని అవతలినుంచి రెల్లన్న కేక.

అంత మంచి పిలుపు హరిద్రుడు ఆ చెట్టుకి వచ్చాక వినలేదు.

అడగందే అమ్మయినా పెట్టదంటారు కదా నాయనలారా! కొత్తచోట స్నేహమూ అంతే. మొహమాటం విడిచి సాయం అడిగినవాడికి దొరుకుతుంది, పొందిన సాయం గుర్తుంచుకున్నవాడి దగ్గర నిలుస్తుంది.