ఉప్పులో బూడిద గీత

అనంతాచార్లు మాస్టారిని సూటిగా ఏదైనా అడగడం దండగ. జవాబు చెప్పరు, చేతిలో ఓ రాయి పెట్టి చూసుకోమంటారు. అడిగినవాళ్ళకు ఒళ్ళు మండుతుంది. ఆ రోజు మండింది ఆయన శిష్యురాలు సలోమికి.

"మాస్టారూ, వేలెడు మందం కూడా లేని బూడిద కోసం నా చదువంతా పోగొట్టుకోమంటారా?" అని అడిగింది.

ఆమె కష్టం మాకందరికీ తెలుసు. మేం పనిచేసే షెడ్డులో, పడమట ఒకటి తూర్పున ఒకటి బోర్లు వేసి భూమి లోతుల్లోంచి తీసిన ఉప్పు కడ్డీలు వరసగా పేర్చి ఉంటాయి. ఎప్పుడో ఎండిపోయిన సముద్రం తాలూకు ఉప్పు అది. నీరు ఇగిరేకొద్దీ ముందు మామూలు ఉప్పు పేరుకుంటుంది. చిట్టచివర మిగిలిన చేదు నీటిలోంచి ఎర్రటి పొటాష్ దిగుతుంది. అది జరుగుతున్న కాలంలోనే ఎక్కడో అగ్నిపర్వతం బద్దలై, సముద్రమంతటా ఒకేసారి బూడిద కురిసింది. ఆ బూడిద గీత పడమటి బోరులో పొటాష్ మధ్య ఉంది, తూర్పు బోరులో మామూలు ఉప్పు మధ్య ఉంది. అంటే పడమట పొటాష్ పడుతున్ననాటికి తూర్పున ఇంకా ఉత్త ఉప్పే. సలోమి కనిపెట్టింది ఇదే. కానీ ఆమె పరిశోధనకు సంతకం పెట్టవలసిన పెద్ద ప్రొఫెసరు, రెండు వైపులా పొటాష్ ఒక్కసారే పుట్టిందని జన్మంతా చెబుతూ వచ్చారు. "అది బోరు వేసేటప్పుడు అంటిన బురద మరకమ్మా. నువ్వు గీసిన పొరల బొమ్మలోంచి తీసెయ్, సంతకం పెట్టేస్తాను" అన్నారట. ఎంత తేలికో చూడండి!

మాస్టారు లేచారు. పడమటి బోరు తాలూకు విరిగిన ముక్కల్లోంచి గీత ఉన్నదొకటి ఏరి ఆమె చేతిలో పెట్టారు.

"ఆ మరక కడుక్కురా."

మా షెడ్డులో ఉప్పును మంచినీళ్ళతో కడగరు. ఇక ఏ ఉప్పూ కరగనంతగా ఉప్పులు కలిపిన నీళ్ళ తొట్టి అందుకే ఉంది. మంచినీళ్ళ గ్లాసుతో బల్ల దగ్గరికి వస్తే మాస్టారు తిట్టిపోస్తారు. సలోమి ఆ తొట్టిలో ముంచి బ్రష్షుతో రుద్దింది. బురదైతే పోవాలి. పోలేదు.

అప్పుడు మాస్టారు స్వయంగా కుళాయి తిప్పి బకెట్టు నింపారు. మేం చేతిలో పనులు వదిలి చుట్టూ చేరాం.

"ఇందులో కడుగు."

ఆమెకు కోపం వచ్చింది. ఆ కోపమంతా ముక్క మీద చూపించింది. ముందు ఎర్రటి పొటాష్ కరిగింది. తర్వాత తెల్లటి ఉప్పు అరిగి, పలచబడి, వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది. చివరికి అరచేతిలో బూడిదరంగు ముద్ద ఒక్కటే మిగిలింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఉన్నదంతా పోయింది మాస్టారూ. ఇదొక్కటే పోవడం లేదు."

మాస్టారు కుళాయి కట్టేసి తన పని చూసుకున్నారు.

శుక్రవారం ప్రొఫెసరుగారు వచ్చారు. సలోమి బొమ్మ పరిచింది. గీత ఉన్నచోటే ఉంది, మునుపటికన్నా లావుగా దిద్ది ఉంది. గుమ్మం దగ్గర నిలబడి మేమంతా విన్నాం.

"ఇది ఉంటే నేను సంతకం పెట్టనమ్మా."

"పెట్టకండి సార్. ఇది ఉంటుంది."

ఆ మాట వినగానే నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. ప్రొఫెసరుగారు కలం జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు. సలోమి బొమ్మ చుట్టుకుని మాస్టారి బల్ల దగ్గరికి వచ్చింది.

"ఆయన పెట్టలేదు మాస్టారూ. ఇప్పుడేం చేద్దాం?"

మాస్టారు తలెత్తారు.

"సంతకం పెట్టేవాళ్ళు మళ్ళీ దొరుకుతారమ్మా. ఆ బూడిద ఒక్కసారే కురిసింది."