దారికి అడ్డంగా ఒక పచ్చికొమ్మ

ఇప్పుడు ఆ కొండ మీదికి తారురోడ్డు ఉంది. బస్సు ఒక గంటలో చేరవేస్తుంది. నలభై ఏళ్ల కిందట పైనున్న దేవుడిబండ దాకా కాలిదారి ఒక్కటే ఉండేది. ఏటా కార్తీకమాసంలో ఆ దారిన కొండపరుగు జరిగేది. దిగువ ఊరి బడి ముంగిట బయలుదేరి, పది మైళ్లు అడవిలో ఎక్కి, బండను తాకి, అదే దారిన తిరిగి రావాలి.

ఆ బడిలో డ్రిల్లు మేస్టారు సుదర్శనం. ఒక ఏడు అందరికంటే ముందు బండను తాకినవాడు అతడే. దిగేటప్పుడు దారి తప్పాడు. పిల్లలు బంతిపూల దండ పట్టుకొని సాయంకాలం దాకా నిలుచున్నారు. చివరకు మేస్టారు అటవీశాఖ వారి జీపులోంచి దిగాడు. పిల్లలెవరూ నవ్వలేదు. వాడిన దండను బల్ల మీద పెట్టి ఇళ్లకు వెళ్లిపోయారు. వాళ్లు నవ్వి ఉంటే బాగుండునని అతడు చాలాకాలం అనుకున్నాడు.

కాళ్లలో సత్తువ చాలక, అలసటలో దారి తప్పానని అతని నమ్మకం. మరుసటి ఏడు వానలు వెనుకబట్టగానే పాంగి సింగన్న గుడిసెకు వెళ్లాడు. సింగన్న ముప్పై ఏళ్లు ఆ కొండల్లో టపా సంచి మోసినవాడు. గజ్జెలు కట్టిన బల్లెం భుజాన పెట్టుకొని, ఎండనక వాననక పరుగెత్తినవాడు. అప్పటికి డెబ్బై దాటాయి. బల్లెం చూరులో ఉండేది. గాలి గట్టిగా వీస్తే గజ్జెలు మోగేవి.

"తాతా, మీరు నాకు పరుగు నేర్పాలి."

"డ్రిల్లు మేస్టరువి, నా కాడ పరుగు నేర్సుకుంతావా?" అని ముసలాయన పడీపడీ నవ్వాడు. "సరే, రేపు తెల్లారగట్ట రా. ఆ మెళ్లో ఈల మాత్రం ఇంటికాడ ఒగ్గీసి రా."

సింగన్న కాలు మోపడం నేర్పాడు, ఊపిరి దాచుకోవడం నేర్పాడు. వాటితోపాటు మరొకటి నేర్పాడు. ఎక్కేటప్పుడు పక్కనుంచి వేరే దారి వచ్చి కలిసిన ప్రతిచోటా ఆగాలి. పచ్చికొమ్మ ఒకటి విరిచి ఆ పక్కదారికి అడ్డంగా వేయాలి. అది టపావాళ్ల ఆచారం. వెనుక వచ్చేవారికి 'ఇటు కాదు' అన్న గుర్తు.

సుదర్శనం పది రోజులు చెప్పినట్టే చేశాడు. పదకొండో రోజు చేతిగడియారం చూసుకొని విసుక్కున్నాడు.

"పద్నాలుగు చోట్ల ఆగుతున్నాను తాతా. నాలుగు నిమిషాలు పోతున్నాయి. పందెంలో నా వెనుక వచ్చేవాళ్లు నా పోటీదార్లు కదా! వాళ్లకు నేను దారి చూపించాలా?"

"ఎనకాల వొచ్చీవోడు ఒకడున్నాడు బాబూ."

"ఎవడు?"

సింగన్న చుట్ట వెలిగించుకున్నాడు.

పందేనికి వారం ముందు చివరి సాధన. "కొమ్మలు ఎయ్యొద్దులే ఇయ్యాల. నీకు నచ్చినట్టు ఎల్లిరా" అన్నాడు సింగన్న.

సుదర్శనం ఎక్కడా ఆగలేదు. అంతవరకూ ఎన్నడూ లేనంత త్వరగా బండను తాకాడు. వెనుదిరిగేసరికి లోయలోంచి మంచు లేచింది. సగం కొండ దిగాక అతని అడుగు ఆగిపోయింది. తాను ఎక్కివచ్చింది ఒక్క దారే. ఇప్పుడు ఎదుట రెండున్నాయి. తాను నిన్న వేసిన కొమ్మను పశువులు ఈడ్చుకుపోయినట్టున్నాయి. ఆగకుండా ఎక్కిన పరుగులో, పక్కనుంచి వచ్చి కలిసిన బాట కంటికి ఆనలేదు. దిగేవాడి ముందు అదే చీలిక అయి నిలిచింది. కిందటి ఏడు తప్పినది ఇక్కడేనని అతనికి అప్పుడు తెలిసింది.

రెండు దారులూ ఒక్కలాగే మంచులోకి దిగిపోతున్నాయి.

ఎడమ దారి మొదట్లో ఏదో పచ్చగా కనబడింది. వంగి చూశాడు. కొమ్మ. విరిచినచోట ఇంకా తడి ఆరలేదు.

కుడి దారిన దిగాడు. తరువాతి చీలిక దగ్గరా ఒక కొమ్మ ఉంది. ఆ తరువాతి దాని దగ్గరా ఉంది. అన్నిటికన్నా కింది చీలిక దగ్గర రాతి మీద సింగన్న కూర్చొని ఉన్నాడు. పంచె మోకాళ్ల దాకా మంచుకు తడిసి ఉంది. పక్కన ఆనపకాయ బుర్రలో అంబలి ఉంది.

బుర్ర అందిస్తూ, "ఎనకొచ్చినోడు దొరికేడా బాబూ?" అని అడిగాడు.

సుదర్శనం అంబలి తాగాడు. తాను దిగివచ్చిన దారిని వెనుదిరిగి చూశాడు.

పందెం నాడు అతడు పద్నాలుగు చోట్లా ఆగాడు. పన్నెండో చోట కొమ్మ విరుస్తుండగా ఒక రైల్వే కళాసీ దాటిపోతూ, "కట్టెలు తరవాత కొట్టుకుందురు గానీ, పదండి మేస్టారూ!" అని కేకవేశాడు. ఆనాడూ మంచు పడింది. సుదర్శనం ఎక్కడా తడుముకోకుండా దిగాడు. కానీ ముందు పోయిన కళాసీని అందుకోలేకపోయాడు. అతనికి వంద గజాల వెనుకగా, బడి ముంగిటికి రెండోవాడుగా చేరాడు.

కళాసీ దాపరికం లేని మనిషి. "ఈ మేస్టారి కొమ్మలు లేకపోతే నేను ఈపాటికి ఒరిస్సాలో తేలేవాణ్ణి" అని అందరి ఎదుటా చెప్పి నవ్వాడు.

పిల్లలకు కోపం వచ్చింది. "మేస్టారూ! మీ కొమ్మలు చూసుకొని మిమ్మల్నే ఓడించాడండీ! ఇది అన్యాయం!" అంటూనే బంతిదండ తెచ్చి సుదర్శనం మెడలో వేశారు. అది అప్పుడే గుచ్చినది. వాడలేదు.

సింగన్న బడి అరుగు మీదినుంచి కొండ వైపు చూస్తున్నాడు.

"బాబూ, ఎనకాల ఇంకా ఎంతమంది రావాలి?"

సుదర్శనం మెడలోని దండ తీసి చేత పట్టుకున్నాడు. అడవిలోంచి దారి బయటపడే చోటికి నడిచివెళ్లి, మంచుకు ఎదురుగా నిలుచున్నాడు. కొంతసేపటికి పిల్లలు కూడా ఒక్కొక్కరే వచ్చి అతని పక్కన నిలుచున్నారు.