సారంగం నాటిన అడవి

అడవి నడుమ ఒక పెద్ద బొగ్గు గొయ్యి. పక్కనే అందులోంచి తవ్విపోసిన రాళ్లమట్టి గుట్ట. ఆ గుట్ట అంచున ఒక బొరియ, బొరియలో ముళ్లపంది కొమురక్క. అంతే, ఇంకెవరూ లేరు. తవ్వకం మొదలైనప్పుడే కుందేళ్లు, ముంగిసలు, జింకలు మూటాముల్లె సర్దుకుని వాగు అవతలికి పోయాయి.

"నువ్వు గూడ రా అక్కా," అని వెళ్తూ వెళ్తూ కుందేలు బతిమాలింది.

"నేను గూడ వస్తే ఇది మా జాగ అని చెప్పేటోళ్లు ఎవరుంటరే?" అంది కొమురక్క.

ఆ అడవిలో ఒక కట్టుబాటుంది. బొగ్గు తవ్వుకున్నవాడు గొయ్యి పూడ్చాలి. ముందే తీసి ఓ పక్కన పోసిన పైమట్టిని మళ్లీ పరచాలి, అడవి పెంచాలి. తనిఖీకి వచ్చిన ఎలుగుబంటి బండ మీద పంజా ముద్ర వేస్తే తవ్వినవాడి బాధ్యత తీరినట్టే. ఆ తర్వాత ఎంత మొత్తుకున్నా వినే దిక్కుండదు. అందుకే కొమురక్క కదల్లేదు.

కానీ ఒంటరితనం ఎంత పాడుదో ఆమెకు తెలిసొచ్చింది. గొయ్యి అంచున నిలబడి, వెళ్లిపోయిన కుందేలును తలుచుకుని "ఓ చెవులపిల్లీ!" అని కేకేస్తే తన గొంతే తిరిగొచ్చేది. దానికే బదులు చెప్పుకునేది పిచ్చిది.

తవ్వింది నక్క సారంగం. మాటలతోనే కోటలు కట్టే రకం. తనిఖీ రేపనగా తన నక్కల గుంపును తోలి, పక్క అడవిలోంచి కొమ్మలు నరికించి తెచ్చి గుట్ట నిండా పాతించాడు. తెల్లారేసరికి గుట్ట పచ్చగా నిగనిగలాడింది. కొమురక్క ఆశపడి, దుంపల కోసం ఒక చెట్టు మొదట్లో తవ్వింది. రాళ్లు. ఇంకో చెట్టు కింద తవ్వింది. మళ్లీ రాళ్లే. వేరన్నది ఒక్కటీ తగల్లేదు.

ఎలుగుబంటి భద్రయ్య వచ్చాడు. సారంగం ఎదురెళ్లి, గుట్టకు ఎదురుగా నీడపట్టున బండ మీద కూర్చోబెట్టాడు.

"ఎండల తిరుగుడెందుకు సార్? ఈడికెల్లి చూస్తే మొత్తం కనవడ్తది."

"బాగానే ఉందయ్యా," అంటూ భద్రయ్య పంజా ఎత్తాడు.

"ఆగున్రి సార్!" కొమురక్క పరుగున వచ్చింది. "అవి చెట్లు గావు, నరికిన కొమ్మలు. ఒక్కదానికి వేరు లేదు."

సారంగం జాలిగా నవ్వాడు. "పట్టించుకోకున్రి సార్. ఒక్కతే ఉండి ఉండి మతి తప్పింది. పొద్దంత గొయ్యితోని ముచ్చట పెడ్తది."

ఒంటినిండా ముళ్లున్న కొమురక్కకు ఆ మాట గుచ్చుకుంది. అబద్ధమైతే తిట్టిపోసేది. అందులో సగం నిజం కాబట్టి రెండడుగులు వెనక్కి వేసింది.

భద్రయ్య మళ్లీ పంజా ఎత్తి, అంతలోనే ముక్కు ఎగబీల్చాడు. "తేనె వాసన!"

సారంగం మురిసిపోయాడు. అడవి నిజమని నమ్మించడానికి అన్నిటికంటే ఎత్తయిన కొమ్మకు తేనెపట్టు కూడా కట్టించాడు మరి. "తేనెటీగలే వచ్చి కాపురం పెట్టినయంటే చూడున్రి సార్! దింపిస్త, కూసోన్రి."

కొమురక్క మళ్లీ ముందుకొచ్చింది. "దింపుడెందుకు సార్? ఎలుగుబంటి చెట్టెక్కి తినకుంటే తేనెకు రుచుంటదా?"

"అది నిజం!" భద్రయ్య లేచాడు.

"వద్దు సార్, లేత చెట్టు!"

"తేనెపట్టు పట్టిన చెట్టు లేతదెట్లా అవుతుందయ్యా?"

ఎక్కాడు. ఎక్కీ ఎక్కగానే చెట్టు, పట్టు, భద్రయ్య కలిసి గుట్ట మీంచి దొర్లుకుంటూ కిందికొచ్చారు. బొగ్గుబురదలో లేచి కూర్చుని, కావలించుకున్న కొమ్మను తిప్పి చూశాడు. మొదట్లో గొడ్డలి నరుకు తెల్లగా మెరిసింది.

"సారంగం, దీని వేర్లు ఎక్కడయ్యా?"



ముద్ర పడలేదు. గొయ్యి పూడ్చి, పైమట్టి పరచి, నాటిన మొక్కలు వేరు పట్టి ఎండలకు నిలిచేదాకా సారంగం అక్కడినుంచి కదలకూడదని తీర్పు. తవ్వేటప్పుడు వెంట ఉన్న నక్కలు, పూడ్చడం అనగానే తలో దిక్కూ జారుకున్నాయి.

సారంగం ఒక్కడే తట్టతో మట్టి మోస్తున్నాడు. ఒకనాడు చతికిలబడి అన్నాడు, "ఏదన్న మాట్లాడరాదే అక్కా. మాట సప్పుడు లేక పానం పోతున్నది."

కొమురక్కకు జాలేసింది. ఆ బాధ ఆమెకు తెలియనిదా? కానీ వాగు అవతలనుంచి ఇంకా ఎవరూ రాలేదు. వాళ్లు రావాలంటే గడ్డి మొలవాలి, గడ్డి మొలవాలంటే మట్టి పడాలి.

"గొయ్యితోని మాట్లాడు, బదులిస్తది," అంది. "తట్ట మాత్రం దించకు."

నీతి: అడవిని దూరంనుంచి చూసి మెచ్చుకోకండి, మొదట్లో తవ్వి వేరుందో లేదో చూడండి.